హ్యాండ్ బ్రేక్ లూజైతే కేబుల్ బిగించడమే మందు కాదు

ఈసారి పంట గురించి కాదు, మన వాకిట్లో ఉండే కార్ల గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. కాస్త ఓపిగ్గా చదవండి.

ఊళ్లో ఏ కారు చూసినా వెనక చక్రం కింద ఓ రాయి ఉంటోంది. ఏంటన్నా ఇది అంటే, "హ్యాండ్ బ్రేక్ కొంచెం లూజులే, గేర్లో పెట్టాగా" అంటారు. ట్రాలీకి బ్రేకు ఉండదు కాబట్టి రాయి పెడతాం, సరే. బ్రేకు ఉన్న కారుకి కూడా రాయే దిక్కైతే ఎలా? ఇంకొందరు మెకానిక్ దగ్గరికి పోతారు, ఆయన ఐదు నిమిషాల్లో కేబుల్ బిగించి పంపేస్తాడు. ఈ రెండు పద్ధతులూ తప్పే అని నా అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. మన దగ్గరుండే చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ము బ్రేకులే. హ్యాండ్ బ్రేక్ లాగితే కేబుల్ పోయి డ్రమ్ము లోపలి లైనర్లను విప్పార్చి పట్టిస్తుంది. కాలి బ్రేకు తొక్కినా వెనక పనిచేసేవి ఆ లైనర్లే. అంటే హ్యాండ్ బ్రేక్ లూజైందంటే, వెనక బ్రేకులు అరిగాయేమో చూడమని బండి మనకి కబురు పంపినట్టు. లోపల చూడకుండా కేబుల్ ఒక్కటే బిగించడం, ఆకు పసుపు రంగుకి తిరగ్గానే వేరు చూడకుండా యూరియా చల్లడం లాంటిది. నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, అసలు జబ్బు లోపలే ముదురుతుంది.

ఇంకోటి. కాలి బ్రేకు ఆయిల్ మీద నడుస్తుంది, హ్యాండ్ బ్రేక్ కేబుల్ మీద నడుస్తుంది. ఆయిల్ కారిపోయి కాలి బ్రేకు పూర్తిగా పోతే, చేతికి మిగిలేది ఆ లివరే. దాన్ని పాడు పెట్టుకుని పిల్లల్ని ఎక్కించుకుని కాలువ గట్టు మీద పోతున్నాం.

జబ్బు ఏంటో మనమే కొంత తెలుసుకోవచ్చు. ముందు లివర్ లాగుతూ టిక్కులు లెక్కపెట్టండి. చాలా కార్లలో 4 నుంచి 8 టిక్కుల్లోపు గట్టిగా పట్టాలి. మీ బండికి సరిగ్గా ఎన్నో దాంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. తర్వాత కొంచెం ఏటవాలు చోట, ముందూ వెనకా మనుషులు, గొడ్లు లేకుండా చూసుకుని, కాలి బ్రేకు తొక్కి న్యూట్రల్ చేసి హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగండి. కాలు మెల్లగా వదలండి. బండి జారితే వెంటనే కాలి బ్రేకు తొక్కండి. పని పడినట్టే.

టిక్కులు నెలల తరబడి మెల్లగా పెరిగి, కాలి బ్రేకు కూడా లోతుకి పోతుంటే లైనర్లు అరిగుంటాయి, లేదా డ్రమ్ములోని అడ్జస్టరు బురదకి, తుప్పుకి బిగుసుకుపోయుంటుంది. మన దారుల్లో ఇదే ఎక్కువ. నిన్నటిదాకా బాగుండి ఇవాళ లివర్ ఊరికే పైకి వచ్చేస్తే కేబుల్ తెగడమో ఊడడమో జరిగుంటుంది. లివర్ గట్టిగానే ఉన్నా బండి జారుతుంటే రెండు అనుమానాలు: కేబుల్ దాని గొట్టంలోనే తుప్పు పట్టి ఇరుక్కుంది, లేదా చక్రం దగ్గర సిలిండరు కారి లైనర్లు ఆయిల్‌తో తడిశాయి. ఈ రెండోది ప్రమాదం, ఆ బండి నడపొద్దు. లివర్ లాగిన చోట నిలవకుండా కిందికి జారితే దాని పళ్లు అరిగినట్టు.

బాగుచేయించడానికి ఒక వరుస ఉంది. మెకానిక్‌తో "ముందు రెండు వైపులా డ్రమ్ములు విప్పి నాకు చూపించు" అనండి. లైనర్లు అరిగితే రెండు చక్రాలకీ కలిపి మార్చాలి, ఒక్కదానికి కాదు. అడ్జస్టరు శుభ్రం చేసి లైనర్లు సరిచేశాక, ఆఖర్న కేబుల్ బిగించాలి. పని అయ్యాక లివర్ దించి, వెనక చక్రాలు ఎత్తి చేత్తో తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి. ఎక్కువ బిగిస్తే లైనర్లు రాసుకుని డ్రమ్ము కాలుతుంది, మైలేజీ పడిపోతుంది.

ఇంటి దగ్గర మనమే చక్రం ఎత్తేట్టయితే, వెనకభాగం పైకి లేచాక హ్యాండ్ బ్రేక్ పనిచేయదని మరవొద్దు. ముందు చక్రాలకి రెండువైపులా రాళ్లు పెట్టండి. ఒట్టి జాకీ మీదున్న బండి కిందకి దూరొద్దు. డ్రమ్ములో దుమ్ము నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు. ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

రాయిని పూర్తిగా పారేయమని నేను చెప్పట్లేదు. వానాకాలంలో బండిని వారాల తరబడి కదపకుండా షెడ్డులో ఉంచితే, హ్యాండ్ బ్రేక్ వేసుంటే తడికి లైనర్లు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. అప్పుడు చదును నేల మీద గేర్లో పెట్టి, చక్రాలకి రాళ్లు పెట్టి, లివర్ దించేయడమే మేలు. రోజువారీ మాత్రం హ్యాండ్ బ్రేక్, దాంతో పాటు గేరు. బండి మూతి ఎత్తు వైపుంటే ఫస్ట్, పల్లం వైపుంటే రివర్స్. రాయి మూడో తోడుగా ఉండాలి గానీ, మొదటి దిక్కు కాకూడదు.

మోటారుకి, స్ప్రేయరుకి, ట్రాక్టరుకి సీజను ముందు రిపేరు చేయిస్తాం, అవి ఆగితే పంట పోతుందని. కారు హ్యాండ్ బ్రేక్ పోతే పంట పోదు. ఆ ఏటవాలు కింద ఆడుకునేది ఎవరి పిల్లలో ఒక్కసారి ఆలోచించండి. ఈ రాత్రి బండి పెట్టేటప్పుడు టిక్కులు లెక్కపెట్టి, ఎన్ని వచ్చాయో కింద రాయండి.