కాపలావాడికి జీతం ఇచ్చేదెవరు?

సూరత్ దేశంలోకెల్లా శుభ్రమైన నగరం. ఈ మాట నాది కాదు, కేంద్ర ప్రభుత్వానిది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి మొదటి ర్యాంకు కొట్టింది. చప్పట్లు కొట్టండి. కొట్టడం అయ్యాక ఒకసారి లింబాయత్ రండి. కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చి సాంచాల (మరమగ్గాల) మీద బతుకుతున్న పద్మశాలీల వాడలు ఇటే ఉన్నాయి. మా వీధి చివర ఖాడీ (వాగు) మీద కల్వర్టు ఉంది, అక్కడ నిలబడదాం. ఒక మంగళవారం నీళ్లు వంకాయ రంగులో పారాయి. బుధవారం చిలకపచ్చ. "ఈసారి పండుగకు దుకాణాలల్ల ఏ రంగు చీరలొస్తయో ఖాడీకే ముందు తెలుస్తది బిడ్డా" అని పక్కింటి అత్తమ్మ నవ్వుతుంది. ఆమె నవ్వితే అందం. మనం కూడా నవ్వేసి ఊరుకుంటే సిగ్గుచేటు.

నేను ఊరుకోలేదు. ఫోటో తీసి ఒక ఆఫీసుకు పంపాను. ఏ ఆఫీసో చెప్పను, అన్నీ ఒకే తానులో గుడ్డలే. ఎక్కడ తీశారో ఫోటోలో లేదన్నారు. మళ్లీ తీసి పంపాను. మూడో రోజు ఒకాయన తెల్ల ప్లాస్టిక్ డబ్బా పట్టుకొని వచ్చాడు. అప్పటికి ఖాడీలో మామూలు బురద నీళ్లే. వంగి డబ్బా నింపాడు, మూత బిగించాడు, చీటీ అతికించాడు, సాక్షిగా నా సంతకం అడిగాడు. పెట్టాను. "చూశారుగా, ఏ రంగూ లేదు" అన్నాడు. నా ఫిర్యాదు అబద్ధమని నా చేతనే రాయించుకొని వెళ్లాడు! ఇంత తెలివి నేరగాళ్లను పట్టడంలో చూపిస్తే తాపీ నదిలో నీళ్లు దోసిట పట్టుకొని తాగేవాళ్లం.

మీకిది చిన్న విషయంలా అనిపిస్తోందా? అయితే పెద్దది చెబుతాను. 2022 జనవరి 6, తెల్లవారుజామున సూరత్ పక్కనున్న సచిన్ జీఐడీసీ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకర్ రసాయన వ్యర్థాన్ని నాలాలోకి వదిలింది. విషవాయువు లేచింది. పక్కనే డైయింగ్ మిల్లు. ఆరుగురు కూలీలు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఆ సరుకు మహారాష్ట్రలోని ఫ్యాక్టరీ నుంచి వచ్చిందని పోలీసులే చెప్పారు. అంటే రాష్ట్ర సరిహద్దు దాటి, టోల్‌గేట్లు దాటి, దర్జాగా వచ్చింది. ట్యాంకర్ అంటే చొక్కా జేబులో దాచే బీడీకట్ట కాదు కదా? 2016 నిబంధనల ప్రకారం అపాయకర వ్యర్థం ఎక్కడికి కదిలినా ఏడు ప్రతుల పత్రం రాయాలి, ఒక్కో ప్రతి ఒక్కో రంగులో. రంగుల మీద మన ప్రభుత్వానికి ఉన్న మమకారం చూడండి: కాగితంలో ఏడు రంగులు, ఖాడీలో ఏడు రంగులు. ఆ రెండింటి మధ్య నిలబడి అడ్డుకోవాల్సిన మనిషి మాత్రం ఎక్కడా కనపడడు.

ఎందుకు కనపడడో ఈ గుజరాత్‌లోనే తేల్చి చూపించారు. హైకోర్టు ఆదేశంతో 1996 నుంచి ఇక్కడ కాలుష్యం ఎక్కువగా ఉండే ఫ్యాక్టరీలు ఏటా బయటి ఆడిటర్‌తో తనిఖీ చేయించుకోవాలి. అప్పట్లో ఆడిటర్‌ను ఎంచుకునేది ఫ్యాక్టరీ. ఫీజు ఇచ్చేదీ ఫ్యాక్టరీయే. పరీక్ష రాసే పిల్లాడే పేపరు దిద్దే మాస్టారిని కుదుర్చుకొని, ఫీజు చేతిలో పెట్టి, "మార్కులు మీ దయ సార్" అన్నట్టు. 2009 నుంచి రెండేళ్లపాటు అహ్మదాబాద్, సూరత్‌లలో 473 ఫ్యాక్టరీల మీద కాలుష్య నియంత్రణ మండలితో కలిసి కొందరు ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. వాళ్లలో ఎస్తేర్ డుఫ్లో ఉంది, ఆ తర్వాత 2019లో నోబెల్ తీసుకున్నావిడ. పాత పద్ధతిలోనే ఉంచిన సగం ఫ్యాక్టరీల ఆడిటర్లు చెప్పిందేమిటి? పొగలో ధూళి హద్దు దాటిన ఫ్యాక్టరీలు నూటికి ఏడు. వేరేవాళ్లు వెళ్లి మళ్లీ కొలిస్తే? నూటికి యాభై తొమ్మిది.

ఏడు ఎక్కడ, యాభై తొమ్మిది ఎక్కడ! దీన్ని పొరపాటు అనేవాడికి లెక్కలు రావు, లేదా వాటా వస్తుంది.

మిగిలిన సగం ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీలో కేటాయించారు. ఫీజు ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు. వాళ్ల కొలతలను అక్కడక్కడా మళ్లీ కొలిచి చూశారు. ఆ ఆడిటర్లు నిజం రాయడం మొదలెట్టారు, ఫ్యాక్టరీలు కాలుష్యం తగ్గించుకున్నాయి. ఎవరికీ భగవద్గీత బోధించలేదు, ఎవరి మనసూ మారలేదు. జీతం ఇచ్చే చెయ్యి మారింది. 2015లో లాటరీ పద్ధతిని గుజరాత్ నిబంధనల్లో పెట్టింది కూడా. మెచ్చుకుంటాను. కానీ ఆ లాటరీ ఆడిటర్ దగ్గరే ఎందుకు ఆగిపోయింది? ఆ ఆడిటర్ రిపోర్టు అందుకునే మండలిని ఎవరు తిరిగి కొలుస్తున్నారు? మండలి సభ్యులను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. ఫ్యాక్టరీలను ఎర్ర తివాచీ వేసి పిలిచేదీ అదే ప్రభుత్వం. ఆ చేత్తోనే పిలిచి, ఆ చేత్తోనే కొడుతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారంటే, వాళ్ల అమాయకత్వాన్ని ఏ మ్యూజియంలోనైనా పెట్టించాలి. దేశంలోని కాలుష్య మండళ్లలో దాదాపు సగం పోస్టులు ఖాళీ అని సుప్రీంకోర్టు, హరిత ట్రైబ్యునల్ మొత్తుకుంటున్నాయి. కుర్చీ ఖాళీగా ఉంటే తప్పు చేసింది ఎవరని అడగలేం. ఖాళీ కుర్చీకి సస్పెన్షన్ ఉండదు.

సూరత్ సంగతి మనకెందుకంటారా? విశాఖను మరిచిపోయారా? 2020 మే 7, ఎల్జీ పాలిమర్స్, స్టైరీన్, పన్నెండు ప్రాణాలు. తమకు కేంద్ర పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే, 2019 మేలో, కంపెనీయే అఫిడవిట్‌లో రాసిచ్చింది. దొంగ స్వయంగా స్టేషన్‌కొచ్చి "నేను దొంగను" అని రాసిస్తే, కాగితం అందుకొని ముద్రేసి పంపించేశారు.

ఇక నేరాల లెక్క చూడండి, కడుపు చెక్కలవుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2020లో పర్యావరణ నేరాలు 61 వేలకు పైగా అని రాసింది. అబ్బో, ఎంత చురుకు! విప్పి చూస్తే అందులో దాదాపు 50 వేలు పొగాకు చట్టం కేసులు. ట్యాంకర్ దాటిపోతుంది, బస్టాండులో బీడీ వెలిగించిన తాత దొరుకుతాడు. వన్యప్రాణి చట్టం కింద దేశం మొత్తానికి ఏడు వందల కేసులు కూడా లేవు. అడవి అంత క్షేమంగా ఉందని నమ్ముతారా? నమ్మితే మీ ఇష్టం. నేరం తక్కువ కాదు, నమోదు తక్కువ.

నమోదు చేయించబోయినవాడికి ఏమవుతుందో కూడా చెప్పనివ్వండి. గిర్ అభయారణ్యం చుట్టూ అక్రమ తవ్వకాల మీద హైకోర్టుకెక్కిన అమిత్ జెఠ్వాను 2010 జులై 20న ఆ హైకోర్టు ఎదుటే కాల్చి చంపారు. 2019లో సీబీఐ కోర్టు ఒక మాజీ ఎంపీతో సహా ఏడుగురికి జీవిత ఖైదు వేసింది. 2024లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. మనిషి చచ్చాడన్నది మాత్రం నిర్ధారణ అయింది.

అంత సాహసం వద్దు, చట్టప్రకారం పోదామంటారా? వన్యప్రాణి చట్టం సెక్షన్ 55, పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 19 చదవండి. మామూలు పౌరుడు కోర్టుకు వెళ్లాలంటే ముందు అధికారులకు అరవై రోజుల నోటీసు ఇవ్వాలి. ట్యాంకర్ ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుంది? ఇది చాలదన్నట్టు 2023 జన విశ్వాస్ చట్టం పర్యావరణ చట్టంలో జైలు తీసేసి జరిమానా పెట్టింది, 10 వేల నుంచి 15 లక్షల దాకా. పేరు జన విశ్వాస్. ఏ జనమో, ఎవరి విశ్వాసమో!

"గట్టిగా పట్టుకుంటే మిల్లులు మూతపడతాయి, మీ తెలుగోళ్లే రోడ్డున పడతారు" అని నన్ను బెదిరించే సేఠ్‌లున్నారు, వాళ్ల భజన చేసే మనవాళ్లూ ఉన్నారు. సచిన్‌లో ఊపిరాడక పోయింది సేఠ్ కాదు, కూలీ. 2019లో ఈ సూరత్‌లోనే మూడు వందలకు పైగా ఫ్యాక్టరీల చిమ్నీలకు నిరంతరం కొలిచే మీటర్లు పెట్టి, వాటిలో దాదాపు సగానికి ధూళికి హద్దు గీసి, హద్దు దాటినవాడు పర్మిట్లు కొనుక్కోవాలన్నారు. మిగతా సగంతో పోలిస్తే వాటిలో ధూళి 20 నుంచి 30 శాతం తగ్గింది. సూరత్ మూతపడలేదు. నేనిక్కడే ఉన్నాను, సాంచాల మోతకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

1994 ప్లేగు తర్వాత ఈ ఊరిని కడిగినవాడు మునిసిపల్ కమిషనర్ ఎస్.ఆర్. రావు, సూర్యదేవర రామచంద్రరావు. ఆయన చేసిన మాయేమీ లేదు. అధికారులను ఏసీ గదుల్లోంచి లేపి రోజూ పొద్దున్నే వీధుల్లోకి తోలాడు. ఈ ఊరికి ఆ విద్య తెలుసు. వీధికి ఉన్న కాపలా ఖాడీకి ఎందుకు లేదంటే, వీధిలో చెత్త వేసేవాడు పేదవాడు.

మీకు కోపం రావడం లేదా? అయితే రేపు తెల్లవారుజామున నాలుగింటికి లేవండి. లింబాయత్ కల్వర్టు మీద ఉంటాను. టార్చిలైటు నేను తెస్తాను. ఫోను, రెండు ఖాళీ సీసాలు మీరు తెచ్చుకోండి. ఈసారి సాక్షి సంతకం డబ్బా పట్టుకొచ్చినవాడి చేత పెట్టిద్దాం.