గోడలోని పాత తీగె

2017 డిసెంబరున ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూఁటిని నొక్క గాజుతీగెమీఁద నింటికిఁ దెచ్చెను. ఆ వేగము గడప దాఁటి గదులలో నేల సన్నగిల్లునో పొన్నూరి తలిదండ్రులు యోచింపవలెను. వైఫైకి గాలిదారి యొక్కటే. ఒకరు పలుకుచుండ నింకొకరు వేచియుండవలెను. ముందుగదిలో సీరియలు వైఫైమీఁద సాగుచుండ వెనుకగదిలో విద్యార్థి పాఠ మాగుచున్నది. సీరియలు చూచువారిపై మాకుఁ గోపము లేదు. కాని కదలని టెలివిజనుకుఁ దీగెయే తగునని మా యభిప్రాయము. గోడ తొలువ నక్కఱలేదు. కేబుల్ టీవీకై వేసిన పాత తీగెకు రెండు కొనలను మోకా పెట్టె యొక్కొకటి తగిలించినచో ఇంటర్నెట్టు 1125 మెగాహెర్ట్జులకుఁ బైని నడచును. ఛానెళ్లు 1000 కి దిగువనే యుండును గనుక రెండును గలియవు. నడుమనున్న స్ప్లిటరు 1000 వఱకే విడుచునదైనచో ముందుగా దానిని మార్పుఁడు.