రిజిస్టర్‌ది ఒక మాట, కార్మికుడిది ఒక మాట

నెల పొడుగునా ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఒక్క గైర్హాజరూ లేదు. అలాంటి హాజరు పట్టీని చూడగానే అది నిన్న రాత్రి కూర్చుని రాసిందని లేబర్ ఇన్‌స్పెక్టర్‌కు తెలిసిపోతుంది. తార్నాకలో టిఫిన్ సెంటర్లు, ప్రైవేటు హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల లాంటి చిన్న వ్యాపారాల్లో తనిఖీకి సిద్ధం కావడమంటే చాలావరకు ఇదే. కన్సల్టెంట్‌కు ఫోన్ చేసి ఫైలు సర్దించుకోవడం.

అయితే వచ్చిన అధికారి ఫైలుతో ఆగడు. గిన్నెలు కడిగే మనిషిని పక్కకు పిలిచి, ఎన్ని గంటలకు వస్తావు, జీతం ఎంత, చేతికిస్తారా బ్యాంకులో వేస్తారా అని అడుగుతాడు. ఆ జవాబూ రిజిస్టరూ కలవకపోతే కన్సల్టెంట్ ఫీజు దండగే. పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి కాబట్టి పదో మనిషిని 'మా బంధువు' అని చూపించే తెలివి మన దగ్గర పాతదే. కోసుకున్న పీఎఫ్‌ను మరుసటి నెల 15లోగా కట్టారో లేదో ఇప్పుడు కార్మికుడి ఫోన్లో పాస్‌బుక్కే చెప్పేస్తుంది.

2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక ఇన్‌స్పెక్టర్ పేరు పక్కన 'ఫెసిలిటేటర్' అని చేరింది. కొన్ని ఉల్లంఘనలకు కేసు పెట్టే ముందు సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. దాన్ని చూసి యజమానులు నిశ్చింతగా ఉంటే పొరపాటే. అదే తప్పు ఐదేళ్లలోపు మళ్లీ చేస్తే ఆ వెసులుబాటు ఉండదు. ఇవ్వాల్సిన వేతనం కన్నా తక్కువిస్తే జరిమానా 50,000 రూపాయల దాకా ఉంది. రాజీనామా చేసినవారికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. 'వచ్చే నెల చూద్దాం' అనే మన అలవాటుకు ఇదే పెద్ద చిక్కు.

రోడ్డు దాటి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్తే విషయం ఇంకా పెద్దది. 1918 నాటి విశ్వవిద్యాలయం, విశాలమైన ఆవరణ, హాస్టళ్లు, మెస్సులు. ఇంతటి సంస్థ ఏదైనా సరే, పారిశుద్ధ్యమో సెక్యూరిటీయో ఏజెన్సీకి అప్పగించి 'వాళ్లు మా మనుషులు కారు' అంటే చట్టం ఒప్పుకోదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, తర్వాత అతని దగ్గర రాబట్టుకోవాలి. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలోనే ఈ నియమం ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. అందుకే బిల్లు పాస్ చేసే అకౌంట్స్ సెక్షన్ ఇన్వాయిస్ ఒక్కటే చూస్తే చాలదు. కిందటి నెల పీఎఫ్ చలానాలో ఉన్న పేర్లు, బ్యాంకులో జీతం పడిన పేర్లు, గేటు దగ్గర హాజరైన పేర్లు ఒకటేనా అని సరిచూడాలి.

నన్నడిగితే తనిఖీ ఇంకా ముందే, టెండర్ దగ్గరే మొదలవ్వాలి. సర్వీస్ ఛార్జీ దాదాపు సున్నా అని కోట్ చేసినవాడికి పని ఇస్తే, అతనికి లాభం ఎవరి జీతంలోంచి వస్తుంది? అధికారులు ఆ ప్రశ్న ఊడ్చే మనిషిని కాక టెండర్ కమిటీని అడగాలి.