నది దాటిన తల్లి నిరక్షరాస్యురాలా?

“ఇంట్లో తెలుగు మాట్లాడకండి. మీ పాప వెనుకబడడానికి అదే కారణం.”

చంద్రపూర్‌లో నేనెరిగిన తెలుగు తల్లులలో ఈ మాట వినని వారు అరుదు. చెప్పేవారిలో చాలామంది సహృదయులే. కాని సదుద్దేశంతో చెప్పినంత మాత్రాన తప్పు ఒప్పు కాజాలదు. ఈ సలహా బిడ్డకు మేలు చేయదు సరికదా, తల్లిని బిడ్డ చదువు నుండి వెలివేస్తుంది. ఒక ఉపాధ్యాయురాలిగా, ఒక చిన్నబిడ్డ తల్లిగా ఈ సంగతిని సంకోచం లేకుండా చెప్పదలచుకున్నాను.

ముందుగా నా తప్పును ఒప్పుకోవాలి. మా అమ్మాయి రెండవ తరగతిలో ఉండగా తల్లిదండ్రుల సమావేశంలో నాకూ ఈ సలహాయే లభించింది. ఆదివారాలలో ఇతరుల పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించే నేను, మారుమాటాడక తల ఊపి వచ్చాను. మూడు వారాలపాటు ఇంట్లో మరాఠీ తప్ప మాట్లాడలేదు. నాకు వచ్చిన మరాఠీ బజారుకు సరిపోతుంది గాని, బిడ్డను పెంచడానికి సరిపోదు. తిను, రాయి, పడుకో - ఈ మూడు ఆజ్ఞలు తప్ప మా మధ్య మాటలు లేకపోయాయి. రాత్రి కథ ఆగిపోయింది. పొడుపుకథ ఆగిపోయింది. “ఈరోజు బడిలో ఏమైంది?” అన్న ప్రశ్న వెంట వచ్చే పది చిన్న ప్రశ్నలూ ఆగిపోయాయి. ఒకనాటి రాత్రి జ్వరంతో పడుకున్న పిల్ల, “అమ్మా, నా మీద కోపం వచ్చిందా? ఎందుకు సరిగా మాట్లాడవు?” అని అడిగింది. ఆ రాత్రితో నా మరాఠీ వ్రతం ముగిసింది. ఉపాధ్యాయురాలినైన నేనే ఇట్లా లొంగిపోతే, ఏ అండా లేని తల్లుల మాటేమిటి?

మన ఇళ్లకు వచ్చే కోడళ్లను చూడండి. కాగజ్‌నగర్ నుండి, ఆసిఫాబాద్ నుండి, మంచిర్యాల నుండి ఆడపిల్లలు వివాహమై చంద్రపూర్‌కూ బల్లార్‌పూర్‌కూ వస్తున్నారు. కాగజ్‌నగర్‌లోనూ కాగితపు మిల్లే, బల్లార్‌పూర్‌లోనూ కాగితపు మిల్లే. నడుమ కొద్దిపాటి రైలు ప్రయాణం, వార్ధా నది మీద ఒక వంతెన. వచ్చిన పిల్ల పదవ తరగతి చదివినదై ఉంటుంది, ఇంటర్మీడియట్ చదివినదై ఉంటుంది. పుట్టింట్లో తమ్ముళ్లకు లెక్కలు చెప్పినది, దినపత్రిక చదివినది. వంతెన దాటేసరికి ఆమె నిరక్షరాస్యురాలైపోతుంది! ఆమెలో మారినదేమీ లేదు. బడి నుండి వచ్చే కాగితం మాత్రం మరాఠీలోనో ఆంగ్లంలోనో ఉంటుంది.

ఆ తరువాతి కథ మనకందరికీ తెలిసినదే. “చదువుకున్న కోడలన్నారు, పిల్లవాడికి ఒక్క అక్షరం చెప్పలేకపోతున్నది” అని అత్తగారు అంటారు. భర్త ట్యూషన్‌కు డబ్బు కట్టి తన బాధ్యత తీరిందనుకుంటాడు. బ్యాంకులో, ఆసుపత్రిలో పదేళ్ల పిల్లవాడు తల్లికి దుబాసీ అవుతాడు. బడి డైరీలో ఉపాధ్యాయుడు రాసిన ఫిర్యాదును తల్లికి చదివి వినిపించేది ఎవరు? ఆ ఫిర్యాదుకు కారకుడైన వాడే! “సంతకం పెట్టమన్నారమ్మా” అంటాడు, ఆమె పెడుతుంది. ఇక ఆ ఇంట్లో తల్లి మాటకు విలువ ఎక్కడిది? పిల్లలు అమ్మ మాట వినడం లేదని విచారించే పెద్దలు, ఆ విలువను హరించినది ఎవరో ఎన్నడైనా ఆలోచించారా?

అమ్మ భాషలోని అక్షరానికి ఉన్న శక్తిని తెలుగునాడు ఒకసారి కళ్లారా చూసింది. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, దూబగుంట వంటి గ్రామాలలోని శ్రామిక స్త్రీలు రాత్రి బడులలో తెలుగు చదవడం నేర్చుకున్నారు. సారా వలన చితికిన కాపురం కథ వారి పాఠాలలో ఒకటి. అది తమ కథేనని వారు గుర్తించారు. వర్ధినేని రోశమ్మ వంటి వారు ముందు నిలువగా 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషిద్ధమయింది. మన చంద్రపూర్ జిల్లాలోనూ స్త్రీల దీర్ఘకాలిక ఆందోళన తరువాత 2015 ఏప్రిల్ 1న మద్యనిషేధం వచ్చింది. 2021లో దానిని ఎత్తివేశారు. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు వేరే చర్చ. నేను చెప్పేది ఒక్కటే: ఇంటి కష్టాన్ని చదివి, రాసి, నలుగురి ముందు పెట్టగల తల్లి ఇంటికి రక్ష. ఆమె చేతిలోని అక్షరాన్ని లాగివేసి ఆ రక్షను ఎక్కడ నుండి తెస్తారు?

“మీరు పొరుగు రాష్ట్రం నుండి వచ్చినవారు, ఇక్కడి పద్ధతికి సర్దుకోవాలి” అనేవారున్నారు. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అక్కడి తెలుగు కుటుంబాలు ఎక్కడికీ రాలేదు, సరిహద్దే వారిని దాటిపోయింది. బొగ్గుగనులకు, మిల్లుకు, రైలు పనులకు వచ్చినవారైనా ఈ పట్టణాలను తమ చెమటతో నిలిపినవారే.

రాజ్యాంగం కూడా మన పక్షాననే ఉన్నది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని, 1956లో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతున్నది. అంతకు ముందే 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, ఒక తరగతిలో 10 మంది గాని పాఠశాల మొత్తంలో 40 మంది గాని అట్టి పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుని నియమించాలని తీర్మానించింది. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి తెలుగులోనూ పుస్తకాలు ప్రచురించింది. విధానం లేకపోలేదు, అడిగే గొంతు లేదు.

తెలంగాణ 2018లో తెలుగును, మహారాష్ట్ర 2020లో మరాఠీని అన్ని పాఠశాలల్లో తప్పనిసరి చేస్తూ చట్టాలు తెచ్చాయి. ఎవరి భాషను వారు కాపాడుకోవడం న్యాయమే. సరిహద్దున ఉన్న బిడ్డ సంగతి ఎవరు చూడాలి? ఇక్కడి తెలుగు తల్లికి నేను కోరే న్యాయాన్నే ఆదిలాబాద్ వైపున్న మరాఠీ తల్లికీ కోరుతున్నాను.

ఇది మరాఠీపై పోరు కాదు. మరాఠీ మన ఇరుగుపొరుగు భాష, మన పిల్లల అన్నం భాష. వారు దానిని చక్కగా నేర్వాలి, తల్లులూ నేర్వాలి. రెండు వర్ణమాలల క్రమం ఒక్కటే. మన ‘ళ’ మరాఠీలోనూ ఉన్నది. మనవలె వారికీ ‘చ’కు రెండు ఉచ్చారణలున్నాయి. తెలుగు లిపి బాగా వచ్చిన బిడ్డకు మరాఠీ అక్షరాలు కొత్త చుట్టాలు కారు. ఒక భాషలో చదవడం తెలిసిన వానికి రెండవది సులువు. ఏ భాషా నిండుగా రానివాడే రెండింటా తడబడతాడు.

“తెలుగు కూడు పెడుతుందా?” అని అడిగే తండ్రులకు ఒక మాట. బోధనా మాధ్యమం మీ ఇష్టం. దానిని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఆంగ్ల మాధ్యమంలోనే చేర్చండి. అందుకు ఇంటి భాషను బలి ఇవ్వనక్కరలేదు. బడి నేర్పవలసిన భాషను బడే నేర్పాలి. ఆ పనిని, ఆ భాష సరిగా రాని తల్లి నెత్తిన పెట్టడం బడి తన బాధ్యత నుండి తప్పుకోవడమే.

చివరగా మన తప్పు. పాఠశాల ప్రవేశపత్రంలో మాతృభాష అన్న గడి ఉంటుంది. అందులో ఎంతమంది తెలుగు అని రాస్తున్నారు? “మరాఠీ అని రాస్తే గొడవ ఉండదు” అనుకుంటున్నాము. మనమే లేమని మనం రాసి ఇచ్చిన తరువాత 10 మందిని, 40 మందిని లెక్కపెట్టేదెవరు? 2027 మార్చి 1 ప్రమాణదినంగా జరిగే జనగణనలోనూ ఇదే పొరపాటు చేస్తామా?

కాబట్టి సోదరీమణులారా, మూడు పనులు చేద్దాం. ఆ గడిలో తెలుగు అనే రాద్దాం. మన పిల్లలున్న బడిలో తెలుగు పిల్లల జాబితా మనమే వేసి, తల్లుల సంతకాలతో ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇద్దాం. ప్రతి రాత్రి పావుగంట, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని ఒక తెలుగు పుటను పైకి చదువుదాం. మా అమ్మ చదువుకున్నది అని బిడ్డకు ఆ పావుగంటలో తెలుస్తుంది. అది తెలిసిన బిడ్డ ఏ భాషలోనైనా చదువుతాడు.

తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. మీ తరగతిలోని తెలుగు బిడ్డ తడబడితే వాని తల్లిని పిలవండి, మాట్లాడండి, సహాయం అడగండి. నోరు మూసుకొమ్మని మాత్రం చెప్పకండి.