కప్పమా, కానుకా?

'కట్నకానుకలు' అని ఒకే ఊపిరిలో అనేస్తాం. ఈ రెండు మాటల్నీ ఇంత దగ్గరగా ఎవరు కూర్చోబెట్టారో గానీ, మగపెళ్ళివారికి మాత్రం ఎంతో మేలు చేశారు.

మేడారం సమ్మక్క కథలో వీటికి పొత్తు లేదు. జనం చెప్పుకునే కథ ప్రకారం, కరువొచ్చిన కాలంలో కోయదొర పగిడిద్దరాజు కాకతీయులకు కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. పగిడిద్దరాజు, కూతుళ్ళు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో కూలారు. కొడుకు జంపన్న పడ్డ సంపెంగ వాగు జంపన్న వాగయింది. గాయపడిన సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. వెతికినవాళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికిందంటారు.

లేనివాళ్ళ దగ్గర లాక్కోవడానికి వచ్చిన రాజుతో మొదలైన కథ ఇది. ఆ తల్లికే రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి లక్షల మంది కానుకలు మోసుకెళ్తారు. ముందు కోరిక తీరాలి, తర్వాతే మొక్కు. నిలువెత్తు బంగారమంటే మనిషి బరువుకు తూచిన బెల్లం. అందులోనూ కొంత ప్రసాదంగా ఇంటికి తిరిగొస్తుంది. మొక్కు తప్పితే అమ్మ కోపగిస్తుందన్న భయం లేదని నేననను. కానీ ఎంత ఇస్తామో చెప్పుకున్నది మనమే.

కట్నం ఎంతో వాళ్ళు చెబుతారు. ముందే పుచ్చుకుంటారు. పంట పోయిన ఏడు కూడా ఆగరు, తగ్గితే పిల్లను హింసిస్తారు. ఇది కప్పం కాక మరేమిటి?

1961 నాటి వరకట్న నిషేధ చట్టం అడగకుండా, ఆచారం ప్రకారం, స్తోమతకు మించకుండా ఇచ్చిన కానుకలను మినహాయించింది. వాటికి జాబితా రాయాలని 1985లో నియమాలొచ్చాయి. అంటే అడిగారా లేదా అన్నదే కీలకం. తీరా గొడవ వచ్చాక పుట్టింటివాళ్ళే పరువు కోసం 'మా ఇష్టంతోనే పెట్టుకున్నాం' అంటారు. ఫిర్యాదులో మనం కూడా 'ఇచ్చిన కానుకలు' అని రాస్తే అవతలి వకీలుకు దారి చూపినట్టే. ఎవరు, ఎప్పుడు, ఎవరి ముందు, ఎంత అడిగారో రాయించాలి.

ఇంకొక్క మాట. ఆ పోరులో భర్తను పోగొట్టుకున్న సమ్మక్కకు కుంకుమ పెడతాం, ఒడిబియ్యం సమర్పిస్తాం. భర్త పోయిన ఆడబిడ్డకు మాత్రం చాలా ఇళ్ళల్లో అదే ఒడిబియ్యం పోయరు. ఎవరూ బేరమాడకుండా పుట్టింటినుంచి అందే కానుక అదొక్కటే, అదీ ఆగిపోతుంది. ఈ ఏడు మా సంఘం ఆడవాళ్ళం అలాంటి వాళ్ళకు పోయాలనుకుంటున్నాం. వదినలు ఏమంటారో చూడాలి.