మతిమరుపును అడగాల్సింది ఏ భాషలో?

బళ్లారి కూరగాయల మార్కెట్లో పొద్దున ఓ గంట నిలబడితే చాలు. బుట్ట ముందు కూర్చున్న పెద్దామె కొనేవారితో కన్నడంలో బేరమాడుతుంది. చిల్లర తేలేదని కోడలిని తెలుగులో కసురుతుంది. అంతలో సాయిబు ఎవరైనా వస్తే ఉర్దూ కలిపి ధర చెబుతుంది. ఆమె ఏ బడికీ పోయింది లేదు. ఇందులో వింతేముందని ఇక్కడివారు అనుకుంటారు. ఆలూరు నుంచి, రాయదుర్గం నుంచి సంతకు వచ్చేవారికీ ఇది రోజూ ఉండేదే. అయితే ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ విద్యకు నరాల వైద్యులు 2013లోనే విలువ కట్టారు. ఆ లెక్క తేలింది మరెక్కడో కాదు, హైదరాబాద్‌లోనే.

నిమ్స్ ఆస్పత్రికి మతిమరుపు వ్యాధితో, అంటే డిమెన్షియాతో వచ్చిన 648 మంది వివరాలను అప్పట్లో అక్కడ పనిచేస్తున్న న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ ఇందులో పాలుపంచుకున్నారు. ఆ రోగుల్లో 391 మందికి రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని తేలింది. చదువురానివారిని విడిగా చూస్తే ఆ తేడా దాదాపు ఆరేళ్లు! చదువు, వృత్తి, పల్లె, పట్నం అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా చెరగలేదు. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల మాత్రం అదనపు లాభమేమీ కనిపించలేదు. రెండు చాలునన్నమాట.

అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో 184 మంది రోగులను పరిశీలించినప్పుడూ నాలుగేళ్ల తేడా కనిపించింది. కానీ అక్కడ రెండు భాషలవారిలో ఎక్కువమంది వలస వచ్చినవారు. ఊరు దాటి వచ్చిన మనిషికి ఉండే చొరవ, ఆరోగ్యమే కారణం కావచ్చు కదా అని కొందరు ప్రశ్నించారు. హైదరాబాద్ అధ్యయనానికి బలం అక్కడే వచ్చింది. ఇక్కడివారు వలస వచ్చి భాష నేర్చుకున్నవారు కాదు. పుట్టిన వీధిలోనే రెండు మాటలు వింటూ పెరిగినవారు. బళ్లారి, సిరుగుప్ప, కంప్లి జనం పెరిగే తీరు కూడా అదే.

ఇదెలా జరుగుతుందన్నదానికి పరిశోధకులు చెప్పే వివరణ తేలిగ్గానే అర్థమవుతుంది. రెండు భాషలు వచ్చిన మనిషి నోరు తెరిస్తే రెండూ ఒకేసారి ముందుకు తోసుకొస్తాయి. 'నీళ్లు' అనాలా, 'నీరు' అనాలా? ఎదుట ఉన్నది ఎవరు? అని మెదడు క్షణంలో తేల్చుకుని ఒకదాన్ని వదిలి రెండోదాన్ని అణచిపెట్టాలి. రోజుకు కొన్ని వందలసార్లు, ఏళ్ల తరబడి ఇదే పని. ఇలా సాము చేసిన మెదడుకు కొంత నిల్వ బలం ఏర్పడుతుందట. జబ్బు లోపల కణాలను తింటున్నా ఆ నిల్వతో కొన్నాళ్లు పని గడుస్తుంది. జబ్బు రాకుండా పోదు, బయటపడటమే ఆలస్యమవుతుంది.

పక్షవాతం మీద ఇదే బృందం చేసిన మరో పరిశీలన 2016లో వెలువడింది. 608 మంది రోగుల్లో, పక్షవాతం తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకశక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలవారిలో 40.5 శాతం. ఒకే భాషవారిలో 19.6 శాతమే. మాట పడిపోవడంలో మాత్రం ఇరువర్గాలకూ తేడా లేదు.

రెండు భాషలొస్తే మతిమరుపు రాదని దీన్ని ప్రచారం చేస్తే అది తప్పు. ఆరోగ్యంగా ఉన్నవారిని ఏళ్ల తరబడి వెంటాడి చేసిన కొన్ని అధ్యయనాల్లో ఈ మేలు కనిపించలేదు. శాస్త్రజ్ఞుల మధ్య ఆ వాదం ఇంకా తెగలేదు. బీపీ, షుగర్, పొగ, వినికిడి తగ్గడం, చూపు మందగించడం లాంటి 14 కారణాలను అదుపులో పెడితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ చెప్పింది. బీపీ మాత్ర మానేసి రెండు భాషలున్నాయి కదా అని కూర్చుంటే ఏ భాషా కాపాడదు.

ఇక ఈ గడ్డ సంగతి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. అప్పట్లో ఊరు తెలుగువారిదా, కన్నడిగులదా అని కొట్లాడుకున్నారు, కమిషన్లు కూర్చున్నాయి. బళ్లారి రాఘవ తెలుగులోనూ, కన్నడంలోనూ నాటకమాడితే ఇదే ఊరి జనం రెంటికీ చప్పట్లు కొట్టారు. గీత నేల మీద పడిందే గానీ నాలుక మీద పడలేదు. అయినా ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి ఆ గీత మళ్లీ కనిపిస్తుంది.

జ్ఞాపకశక్తిని కొలిచేందుకు రక్తపరీక్ష చాలదు, స్కానింగ్ ఒక్కటే చాలదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి. కొన్ని మాటలు చెప్పి కాసేపయ్యాక తిరిగి చెప్పమంటారు. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కిస్తారు. ఈ రోజు తేదీ ఎంత, నెల ఏది అని అడుగుతారు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం మాట్లాడే డెబ్బై ఏళ్ల ముసలమ్మను ఇవన్నీ కన్నడంలోనే అడిగితే? సంత కన్నడంలో ఆమెకు ధరలొస్తాయి, అడవి జంతువుల పేర్లు రాకపోవచ్చు. లేని జబ్బు ఉన్నట్టు తేలుతుంది. రోజూ వాడే నాలుగు కన్నడ ముక్కలు గడగడా చెప్పేస్తే ఉన్న జబ్బు కనిపించకుండానూ పోతుంది. తేదీ సంగతి సరేసరి. అమావాస్య, ఉగాది, పీర్ల పండగలతో కాలం లెక్కపెట్టే మనిషిని పట్టుకుని ఇంగ్లిషు నెల అడిగితే ఆరోగ్యంగా ఉన్నవారు కూడా తెల్లమొహం వేస్తారు.

దీనికి మందు ఎవరో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషల్లో ఇలాంటి పరీక్షల సంపుటి తయారైంది. చదువురానివారికీ పనికొచ్చేలా రూపొందించారు. ఆ పనిలో ముందున్నదీ సువర్ణ అల్లాడే. నిమ్స్ నుంచి ఆమె బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు. అంటే రెండు భాషల పరీక్షలూ ఒకే రాష్ట్రంలో, ఒకే సంస్థ అందుబాటులో ఉన్నాయి. 2022లో నిమ్హాన్స్‌తో కలిసి కర్ణాటక ప్రభుత్వం మొదలుపెట్టిన మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదట అడుగుపెట్టిన జిల్లాల్లో కోలారు, చిక్కబళ్లాపుర ఉన్నాయి. రెండూ తెలుగు సరిహద్దువే. కోలారు జిల్లా శ్రీనివాసపురలో పదివేల మందిని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాన్ని బెంగళూరులోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ నడుపుతోంది. అక్కడ పనికొచ్చిన అనుభవం బళ్లారికి ఎందుకు పనికిరాదు? ఇక్కడి పెద్దాస్పత్రికి, జనం నోట ఇప్పటికీ విమ్స్‌కు, కర్నూలు, అనంతపురం జిల్లాల రోగులు కూడా వస్తారు.

ఆస్పత్రి దాకా రావడమే పెద్ద గండం, అది వేరే విషయం. కన్నడంలో 'అరవత్తక్కె అరళు మరళు' అంటారు. అరవై నిండితే మతి చెదరడం మామూలేనని అర్థం. తెలుగిళ్లలో 'చాదస్తం' అని ఒక్క మాటతో తోసేస్తారు. రెండు భాషలూ ఏకమైంది ఈ పొరపాటులోనే. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా. అన్ని మతిమరుపులూ నయం కానివీ కావు. బీ12 లోపం, థైరాయిడ్, మనసు కుంగుబాటు, ఎప్పుడో బండి మీంచి పడ్డప్పుడు తలలో గూడుకట్టిన రక్తం... వీటివల్ల వచ్చేదాన్ని వేళకు పట్టుకుంటే తగ్గించవచ్చు. అల్జీమర్స్‌కు ఈమధ్య అమెరికాలో అనుమతి పొందిన లెకానెమాబ్, డొనానెమాబ్ ఇంజెక్షన్లు జబ్బు తొలిదశలో ఉన్నవారికే, అదీ వేగం కొంచెం తగ్గించడానికే. వాటి ఖర్చు కూలి ఇళ్లకు అందేది కాదు. కాబట్టి ఇక్కడివారికి ముందుగా పట్టుకోవడమే అసలు వైద్యం.

ఇంట్లోవారు గమనించాల్సిన గుర్తు ఒకటుంది. జబ్బు ముదిరేకొద్దీ కొందరికి తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది, ఉగ్గుపాలతో వచ్చిన భాష మిగులుతుంది. ఎదుటివారిని బట్టి భాష మార్చే నేర్పు కూడా తప్పుతుంది. ముప్పయ్యేళ్లుగా పక్కింటి కన్నడామెతో కన్నడంలోనే మాట్లాడిన అవ్వ ఉన్నట్టుండి తెలుగులో మొదలుపెడితే అది మొండితనం కాకపోవచ్చు. అప్పుడు జవాబిచ్చేదెవరు? ఇంగ్లిషు మీడియంలో చదివే మనవడికి తెలుగు అంతంతమాత్రం. బిడ్డకు రెండు భాషలు నేర్పితే బుర్ర గందరగోళమవుతుందని ఇంట్లో తెలుగు మానిపించే తల్లిదండ్రులు బళ్లారిలోనూ తయారయ్యారు. అవ్వను కాపాడి ఉండవచ్చనుకుంటున్న అలవాటునే మనవడికి దూరం చేస్తున్నారన్నమాట.

జిల్లా యంత్రాంగం చేయాల్సింది కోట్ల పని కాదు. మెదడు ఆరోగ్య క్లినిక్‌లో తెలుగు పరీక్ష పత్రం పెట్టడం, రెండు భాషలూ వచ్చిన నర్సుకో, సైకాలజిస్టుకో దాన్ని నిర్వహించడంలో శిక్షణ ఇవ్వడం. సరిహద్దులో అలాంటివారికి కొదవ లేదు. ఈలోగా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనైనా, కన్నడంలోనైనా సలహా అడగవచ్చు. ఇక ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు రాసేచోట 'ఇంట్లో మాట్లాడే భాష' అని ఇంకో గడి చేర్చడానికి పైసా ఖర్చు కూడా కాదు.