‘హ్యావ్’ క్రియ – ‘కలిగి ఉండు’ ప్రయోగం

ఆంగ్లభాషలో ‘హ్యావ్’ అనే క్రియ ధనం, బంధుత్వం, వ్యాధి, అవయవం, భోజనం, విధ్యర్థం మొదలైన అనేక విషయాలలో ప్రయుక్తమవుతుంది. తెలుగులో దీనికి సరితూగే ఏకైక క్రియ లేదు. ఇది భాషకు లోపమని తలచి, పాఠ్యపుస్తకాలలోను కార్యాలయ పత్రాలలోను ‘కలిగి ఉండు’ అనే రూపంతో ఆ స్థానాన్ని పూరిస్తున్నారు. ఈ పద్ధతి పునరాలోచింపదగినది.

జహీరాబాదు ప్రాంతం ఇందుకు చక్కని నిదర్శనం. 1956 వరకు బీదరు జిల్లాలో ఉండి, ఆ యేట మెదక్ జిల్లాలో చేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ సీమలో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ భాషలు నాలుగూ వినవస్తాయి. తెలుగువారు ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళున్నారు’ అంటారు. కన్నడంలో ‘ననగె ఇబ్బరు తమ్మందిరిద్దారె’, మరాఠీలో ‘మలా దోన్ భావూ ఆహేత’, ఉర్దూలో ‘మేరే దో భాయీ హైఁ’. రెండు భాషాకుటుంబాలకు చెందినవైనా, నాలుగింటిలోను ఉన్నది సత్తార్థక క్రియయే. తమ్ముళ్ళు కర్తలే గాని కర్మలు కారు.

సంస్కృతంలోనూ ఇంతే: ‘మమ ద్వౌ భ్రాతరౌ స్తః’. మతుప్ ప్రత్యయాన్ని విధించే పాణినీయ సూత్రం (5.2.94) కూడ ‘అస్తి’ అనే క్రియతోనే, షష్ఠీ సప్తమీ సంబంధాలను పురస్కరించుకొని అర్థనిర్దేశం చేసింది.

తెలుగు విభక్తులు చూపే సూక్ష్మభేదం గమనార్హం. ‘అతనికి డబ్బుంది’ అంటే అతడు ధనవంతుడు. ‘అతని దగ్గర డబ్బుంది’ అంటే ప్రస్తుతం చేతిలో ఉన్నదని మాత్రమే. అది పరులది కూడ కావచ్చు. ‘అతడు డబ్బును కలిగి ఉన్నాడు’ అనగానే ఈ భేదం నశిస్తుంది. ‘అభ్యర్థి ధ్రువపత్రమును కలిగి యుండవలెను’ అనే నిబంధన చదివిన విద్యార్థికి, ఆ పత్రం పొంది ఉంటే చాలునో, పరీక్షనాడు వెంట తేవలెనో తెలియదు. భాషాదోషం ఇక్కడ జీవనసమస్య అవుతున్నది.

‘కలిగి’ అనే రూపం సర్వథా త్యాజ్యమని చెప్పడం ఉచితం కాదు. ‘దయ కలిగి ఉండు’, ‘బుద్ధి కలిగి మెలగు’ వంటి గుణవాచక సందర్భాలలో అది సహజం. కాని ‘కలుగు’ అకర్మక ధాతువు. ‘వానికి పుత్రుడు కలిగెను’ అన్నప్పుడు పుత్రుడే కర్త. అట్టి ధాతువుకు ద్వితీయావిభక్తిని జోడించి ‘జ్వరాన్ని కలిగి ఉన్నాడు’, ‘గది రెండు కిటికీలను కలిగి ఉన్నది’ అనడం ఆంగ్లవాక్యానికి తెలుగు తొడుగు వేయడమే.

కనుక ఉపాధ్యాయులు ‘హ్యావ్’ అనే పదానికి ఒక్క అర్థం వల్లెవేయించడం మాని, ఏ సంబంధానికి ఏ విభక్తి తగునో బోధించడం యుక్తం. ఆ పాఠానికి కావలసిన ఉదాహరణలు జహీరాబాదు వంటి సీమలో విద్యార్థుల నోటనే లభిస్తాయి.